చంకలో గడ్డ కోయించినా మళ్లీ వస్తోందంటే

మూడుసార్లు కోసి చీము తీసినా అదే చంకలో గడ్డ తిరిగొస్తోందా? అయితే చర్మం కింద ఏర్పడిన సొరంగం అలాగే ఉండిపోయి ఉండొచ్చు. హైడ్రాడెనైటిస్ సప్యురేటివాలో (చంక, గజ్జల్లాంటి చోట్ల గడ్డలు పదేపదే వచ్చి, చర్మం కింద సొరంగాలు కట్టే జబ్బు) చీము తీయడం నొప్పికి ఉపశమనమే, అంతకుమించి కాదు.

1. చర్మ డాక్టరు దగ్గర హర్లీ స్టేజీ, అంటే జబ్బు ఎంత ముదిరిందో, తేల్చుకోండి.

2. ఒకటి రెండు సొరంగాలైతే డీరూఫింగ్: సొరంగం పైకప్పు కోసేసి, అడుగు శుభ్రం చేసి, కుట్లు వేయకుండా వదిలేస్తారు. చంకంతా అల్లుకుపోతే వైడ్ ఎక్సిషన్ (పాడైన చర్మం మొత్తం కోసి తీసేయడం), అవసరమైతే స్కిన్ గ్రాఫ్ట్ (వేరే చోటి చర్మం తెచ్చి అతికించడం).

3. చాలామంది అడగనిది ఇదే. కోతకు ముందు ప్రోబ్‌తోనో (లోపలికి దూర్చి చూసే సన్నటి కడ్డీ) అల్ట్రాసౌండ్‌తోనో సొరంగం కొమ్మలు ఎక్కడిదాకా పాకాయో చూసి గుర్తు పెట్టమనండి. ఒక్క కొమ్మ మిగిలినా కథ మళ్లీ మొదటికే రావచ్చు.

4. అడాలిముమాబ్ (ఈ జబ్బుకు ఇచ్చే ఇంజెక్షన్ మందు) వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, సర్జన్‌కు చెప్పండి. సిగరెట్ ఉంటే మానండి (చేదు మాటే, తెలుసు).

తెరిచి వదిలిన పుండు మానడానికి వారాలు పడుతుంది. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా వెంటనే చూపించుకోండి.