డిసెంబరులో అమ్మానాన్నలతో ఫీనిక్స్ దగ్గర చిన్న ఎడారి హైక్: కేమల్‌బ్యాక్ ఫర్వాలేదా?

అరిజోనాలోని ఫీనిక్స్ ఊళ్లోనే ఉన్న కేమల్‌బ్యాక్ కొండ మాత్రం వద్దండి. మీ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, ఇద్దరూ అరవై దాటినవాళ్లు, నాన్నగారు బీపీ మాత్రలు వాడుతున్నారు, పక్కనున్న చాండ్లర్ నుంచి బయల్దేరి ఒక్క పూటలో తిరిగొచ్చేయాలి అని మీరు రాశారు. ఆ కొండెక్కే ఎకో కాన్యన్ ట్రయల్ పైకి మైలుంపావు లోపే అని చూసి చాలామంది ‘ఇంతేనా’ అనుకుంటారు. ఆ కాస్త దూరంలోనే 1,200 అడుగులకు పైగా ఎక్కాలి. కొన్నిచోట్ల రెయిలింగ్ పట్టుకుని బండ మీద ఒంటిని పైకి లాక్కోవాలి. ఎలాగోలా ఎక్కేసినా దిగేటప్పుడు మోకాళ్ల పని అయిపోతుంది. ఎడారి ట్రయల్ ఎంచుకునేటప్పుడు మైళ్ల కన్నా ముందు చూడాల్సింది ఎంత ఎత్తు ఎక్కాలి, మధ్యలో ఎక్కడి నుంచైనా హాయిగా వెనక్కి తిరగొచ్చా అన్నదే.

మా వాళ్లు ఎవరొచ్చినా నేను తీసుకెళ్లేది అపాచీ జంక్షన్ అనే ఊరు దాటాక ఉండే లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్క్‌కి. అక్కడ ట్రెజర్ లూప్ అని 2.4 మైళ్ల ట్రయల్ ఉంది, ఎక్కాల్సింది 500 అడుగులే. సూపర్‌స్టిషన్ కొండల గోడ ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి పైదాకా వెళ్లకపోయినా ఏదో తగ్గిందని అనిపించదు. పెద్దవాళ్లతో అయితే ఆగుతూ, ఫోటోలు దిగుతూ రెండు గంటలు పెట్టుకోండి. అదీ కష్టమనుకుంటే పార్క్ ఆఫీసు దగ్గరే నేటివ్ ప్లాంట్ ట్రయల్ ఉంది. పావు మైలు, చదునైన బాట, వీల్‌చెయిర్ కూడా పోతుంది. అక్కడే సైఫన్ డ్రా అని ఇంకోటి కనిపిస్తుంది. ఆ దారిలోనే పైనున్న ఫ్లాట్‌ఐరన్ అనే బండ దాకా వెళ్దాం అని తమ్ముడో మరిదో హుషారు చేస్తే ఒప్పుకోకండి. చివరి భాగమంతా చేతులూ కాళ్లూ వాడి బండలెక్కాల్సిందే.

డిసెంబరులో మధ్యాహ్నం 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది, పొద్దున్నే మాత్రం బాగా చలి. తొమ్మిదింటికి నడక మొదలయ్యేలా చూసుకోండి. స్వెట్టర్ తీసి నడుముకు కట్టుకునేలా ఉండాలి. ఏ కారణం చేతనైనా మధ్యాహ్నానికి జరిగితే, సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడని గుర్తుంచుకోండి. శని, ఆదివారాల్లో పార్కింగ్ నిండిపోతుంది, కుదిరితే మామూలు రోజు చూసుకోండి.

నీళ్ల విషయంలో మన పెద్దవాళ్లతో కాస్త పోరాటమే. విజయవాడ ఎండలో చొక్కా తడిసి ముద్దవుతుంది కాబట్టి దాహం దానంతటదే గుర్తొస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ‘చెమటే లేదు, నీళ్లెందుకురా’ అంటారు, చూస్తే టోపీ అంచు మీద తెల్లగా ఉప్పు చార ఉంటుంది. పైగా దారిలో టాయిలెట్ ఉండదని అమ్మలు కావాలనే తాగరు. బయల్దేరే ముందు పార్క్‌లోనే టాయిలెట్‌కి వెళ్లి రమ్మనండి, ఆ టెన్షన్ తగ్గుతుంది. చలికాలమైనా మనిషికి లీటరున్నర మోయండి, కారులో ఇంకో క్యాన్ ఉంచండి. ట్రయల్ మీద ఎక్కడా నీళ్లు దొరకవు. సగం నీళ్లయిపోతే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగడమే. ఉత్తి నీళ్లే కాకుండా ఉప్పు తగిలేలా ఏదైనా పెట్టుకోండి. మా ఇంట్లో అయితే పులిహోర, వేయించిన పల్లీలు, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు. నాన్నగారి బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసే రకం ఉందేమో ఒకసారి డాక్టర్ని అడగండి. అలాంటివి వేసుకుంటే ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది.

అమ్మగారికి చున్నీ, చీర రెండూ వద్దని ముందే చెప్పండి. దారి పక్కన చోయా అనే ముళ్ల మొక్క ఉంటుంది. దూరం నుంచి దూది ఉండల్లా ముద్దొస్తుంది గానీ, గుడ్డ అలా తగిలితే చాలు, ముళ్ల ఉండ ఒకటి ఊడి పట్టేసుకుంటుంది. ముల్లు మీద వెనక్కి తిరిగిన సన్నని పొలుసులుంటాయి, అందుకే దిగడం సులువు, రావడం కష్టం. ఒకసారి మా పిన్ని చున్నీకి అంటుకుంటే బాబాయి పాపం చేత్తో లాగబోయాడు, అది చున్నీని వదిలి ఆయన వేళ్లకు తగులుకుంది. ప్లాస్టిక్ దువ్వెన ఒకటి బ్యాగులో పడేసుకోండి. ఉండకూ గుడ్డకూ మధ్య దువ్వెన పళ్లు దూర్చి, మనుషులు లేని వైపుకి ఒక్కసారి విసిరేస్తే వచ్చేస్తుంది. చర్మంలో మిగిలిన ముళ్లకు ట్వీజర్ కావాలి.

పాముల గురించి అమ్మ ఎలాగూ అడుగుతారు. చలికాలంలో ర్యాటిల్‌స్నేక్‌లు బయట తిరగడం బాగా తక్కువ. అయినా చూడకుండా బండ సందుల్లో చెయ్యి పెట్టొద్దు, రాయి మీద కూర్చునే ముందు చుట్టూ ఒకసారి చూసుకోవాలి, అంతే.

నాన్నగారికి మాత్రం ఆ పార్క్ పేరు వెనకున్న కథ చెప్పండి, నడక తెలియకుండా అయిపోతుంది. జేకబ్ వాల్ట్జ్ అనే ఆయన ఈ కొండల్లో తన బంగారు గని ఉందని చెప్పి, 1891లో చోటు తేల్చకుండానే పోయాడట. డచ్‌మన్ అని పేరు గానీ ఆయన జర్మన్. అప్పటి నుంచీ వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు. దారిలో కనిపించే సువారో కాక్టస్‌లను కూడా దగ్గరగా చూపించండి. వాటి ఒంటి మీది మడతలు వాన పడ్డాక నీళ్లతో ఉబ్బి విచ్చుకుంటాయి, ఎండాకాలంలో మళ్లీ ముడుచుకుంటాయి. పక్క చేతులు రావడానికే 50 నుంచి 100 ఏళ్లు పడుతుంది, కాబట్టి చేతులున్నది ఏది కనిపించినా దానికి కనీసం యాభై ఏళ్లుంటాయి అనుకోవచ్చు.

షూస్ సంగతి మీరు రాయలేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న వాకింగ్ షూస్ అడుగు అరిగిపోయి ఉంటే గులకరాళ్ల మీద జారతాయి, ముఖ్యంగా దిగేటప్పుడు. వెళ్లే ముందు ఒకసారి తిరగేసి చూడండి. నాన్నగారికి ట్రెక్కింగ్ కర్ర ఒకటి ఇవ్వండి, వద్దంటే ఫోటోల కోసమని చెప్పండి, పట్టుకుంటారు.