పాఠకుల ప్రశ్నలు: చలిలో పొట్టి నిక్కరు, పొడవాటి మేజోళ్లు

ప్రశ్న: యూరప్‌లో తీసిన ఒక పాత ఛాయాచిత్రంలో, చుట్టూ మంచు ఉన్నా, పదేళ్ల అబ్బాయి పొట్టి నిక్కరూ తొడల దాకా వచ్చే నల్లని మేజోళ్లూ తొడుక్కుని ఉన్నాడు. ప్యాంటు వేస్తే సరిపోయేది కదా? అవి ఆడపిల్లల మేజోళ్లా? నడుము నుంచి పాదాల దాకా ఒకే వస్త్రంగా ఉండే ఇప్పటి టైట్స్ వాటి నుంచే వచ్చాయా?

జవాబు: ఆ మేజోళ్లు ఆడపిల్లలవి మాత్రమే కావు. 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మధ్య వరకు యూరప్, అమెరికాలలో అబ్బాయిలూ అమ్మాయిలూ చలికాలంలో ఒకే రకం ఉన్ని లేదా నూలు మేజోళ్లు తొడుక్కునేవారు. మరి ప్యాంటు ఎందుకు వేయలేదంటే, ఆ కాలంలో పొడవాటి ప్యాంటు చలికి సంబంధించిన విషయం కాదు, వయసుకు సంబంధించిన విషయం. చిన్న వయసులో మగపిల్లలకు కూడా గౌనులే తొడిగేవారు. తర్వాత నిక్కరు, కౌమారం వచ్చాక ప్యాంటు. ఆ మెట్టు ఎక్కే వరకు ఎంత చలి అయినా నిక్కరే గతి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, 18వ శతాబ్దం చివర్లో పరిస్థితి సరిగ్గా తలకిందులుగా ఉండేది. అప్పట్లో పెద్దమనుషులు మోకాలి దాకా వచ్చే బ్రీచెస్, మేజోళ్లు ధరిస్తుంటే, చిన్న అబ్బాయిలు స్కెలిటన్ సూట్ అనే దుస్తుల్లో చీలమండ దాకా ప్యాంటు వేసుకునేవారు.

పిల్లలను చలికి అలవాటు చేయాలన్న నమ్మకం కూడా పాతదే. ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1693లో పిల్లల పాదాలను రోజూ చన్నీళ్లతో కడగాలని, బూట్లు నీరు లోపలికి వచ్చేంత పలుచగా ఉండాలని రాశాడు. పిల్లల ఆరోగ్యం కోరి చెప్పిన మాటే అయినా, ఆ పాదాలను తలచుకుంటే నాకు జాలి కలుగుతుంది.

విలియం లీ 1589లో ఇంగ్లండ్‌లో మేజోళ్లు అల్లే యంత్రాన్ని కనిపెట్టాడు కాబట్టి, అల్లిక అంత చిక్కు సమస్య కాదు. అసలు చిక్కు మేజోడు జారకుండా నిలబెట్టడంలో ఉంది. కాలి చుట్టూ బిగించే గార్టరు రక్తప్రసరణను అడ్డుకుంటుందని వైద్యులు అభ్యంతరం చెప్పేవారు. అందుకని బరువును భుజాల మీదకు మార్చే బాడిస్‌లు, అంటే లోపల తొడుక్కునే చేతుల్లేని చొక్కాల్లాంటివి, వచ్చాయి. వాటికి కుట్టిన గుండీలకు పట్టీలు తగిలించి మేజోళ్లను పట్టి ఉంచేవారు. ఇంగ్లండ్‌లోని మార్కెట్ హార్‌బరోలో సిమింగ్‌టన్ సంస్థ 1908లో తెచ్చిన లిబర్టీ బాడిస్ వీటిలో బాగా పేరు పొందింది. జర్మనీలో అబ్బాయిలు కూడా ఇలాంటి బాడిస్‌లే తొడుక్కునేవారు. నలుపు రంగు మురికిని దాచేది. ఆటల్లో ముందుగా చిరిగేది మోకాలే కనుక అక్కడ రెండు పొరలుగా అల్లిన మేజోళ్లు కూడా అమ్మేవారు.

టైట్స్ ఈ మేజోళ్ల వారసులేనన్న మీ ఊహ సరైనదే. 1950లలో సాగే నైలాన్ దారం వాడుకలోకి వచ్చింది. 1959లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో గ్లెన్ రేవెన్ మిల్స్ మేజోళ్లనూ లోదుస్తునూ కలిపి ఒకే వస్త్రంగా అమ్మకానికి పెట్టింది. అది పెద్దవారి కోసం చేసినదే అయినా, 1960లలో అల్లిన టైట్స్ పిల్లల దుస్తుల్లోకి విస్తరించడంతో గుండీలు, పట్టీలు క్రమంగా కనుమరుగయ్యాయి. జర్మనీలో అబ్బాయిలు కూడా కొంతకాలం నిక్కరు కింద టైట్స్ వేసుకున్నారు. మీ ఛాయాచిత్రాన్ని మరోసారి పరిశీలించండి: నిక్కరు అంచు దగ్గర పట్టీ కొస కనిపిస్తే, అది చాలావరకు టైట్స్ రాకముందు తీసినదే.