57 సినిమాలు, ఒక ఎల్ఐసీ డైరీ, మా నాన్న

"ఏడాదంతా చూసిన సినిమాలు వెనక్కి తిరిగి చూసుకుంటే మీకేం తెలిసింది?" అని అడిగారు. టాప్ 10 జాబితా కోసం వచ్చినవాళ్ళు క్షమించాలి, నా దగ్గర అది లేదు. నాకు తెలిసింది ఒక్కటే, అది కూడా ఆలస్యంగా.

మేముండేది చెన్నైలో, అశోక్ నగర్ పక్కన. నాన్న నెల్లూరు నుంచి బ్యాంకు ఉద్యోగం మీద మద్రాసు వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. 2024 జనవరిలో ఎల్ఐసీ డైరీ ఒకటి ఖాళీగా పడుంటే, చూసిన ప్రతి సినిమాకీ రెండు ముక్కలు రాద్దామని మొదలుపెట్టాను. రేటింగులు వద్దనుకున్నా. మూడు స్టార్లకీ మూడున్నరకీ తేడా ఏంటో నాకెప్పుడూ అర్థం కాలేదు. తేదీ, హాలు, ఎవరితో వెళ్ళాను, ఎలా ఉంది, అంతే.

డిసెంబరు ఆఖరి ఆదివారం కూర్చుని లెక్కేస్తే 57 వచ్చాయి. హాల్లో చూసినవి 23, అందులో నాన్నతో 14. మిగతా 34 ఇంట్లో ఓటీటీలో. వాటిలో సగానికి "పర్లేదు" అనో, "సగంలో నిద్రపోయా" అనో రాసి ఉంది. కొన్నిటికైతే పేరు చూసినా కథ గుర్తు రాలేదు. వాటిని వదిలేద్దాం.

నాన్నతో చూసిన 14 మాత్రం వరసగా చదివాను. ప్రతిదానికీ నా అభిప్రాయం కింద నాన్న మాట కూడా రాసుకున్నాను, సరదాకి.

సంక్రాంతికి హనుమాన్. "నాన్నకి తెగ నచ్చింది." ఫిబ్రవరి ఆఖర్లో మంజుమ్మల్ బాయ్స్. మలయాళం సినిమా, డబ్బింగ్ లేకుండానే తమిళనాడులో వారాలకు వారాలు ఆడింది. కొడైకెనాల్ గుహలో కుర్రాడు పడిపోయిన దగ్గర్నుంచి నాన్న ముందు సీటు పట్టుకుని వదల్లేదు. బయటికొచ్చాక, "మలయాళం ఒక్క ముక్క రాకపోయినా అంతా అర్థమైంది అబ్బయా" అన్నారు. సినిమా గొప్పదనం అంటే అదే కదా అని నేను కూడా డైరీలో రాసేసుకున్నా.

జూన్‌లో కల్కి. దానికి ఆంధ్రా సరిహద్దు దాటి సూళ్ళూరుపేట వెళ్ళాం. తమిళనాడులో పొద్దున 9 గంటలకు ముందు ఆట వేయరు. పైగా తెలుగు సినిమాని తెలుగు జనం మధ్య చూడాలంటే సరిహద్దు దాటాల్సిందే అని నాన్న నమ్మకం. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో లోకల్ ఎక్కితే గుమ్మిడిపూండి మీదుగా సూళ్ళూరుపేటలో దిగొచ్చు. అక్కడి హాలు తెర దాదాపు 100 అడుగుల వెడల్పు. జనం ఈలలు, కాగితాలు, ఆ శబ్దానికి కుర్చీలు అదరడం. తిరుగు రైల్లో కూడా నాన్న అదే చెప్పుకుంటూ వచ్చారు: "గుండెల్లో తగిలిందిరా సౌండు."

సెప్టెంబరులో మెయ్యళగన్. ఇద్దరు మనుషులు రాత్రంతా మాట్లాడుకునే తమిళ సినిమా. నేను రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను, మా నాన్న గురక పెట్టారు. డైరీలో: "నాన్న: ఏంది ఆ గొణుగుడు? గట్టిగా మాట్లాడుకోలేరా ఇద్దరూ?" వయసు మీద పడింది, ఓపిక తగ్గింది అనుకున్నాను.

ఇక దీపావళికి లక్కీ భాస్కర్. 1980ల చివర్లో బొంబాయి, అందులో ఒక బ్యాంకు ఉద్యోగి. ఇంతకంటే నాన్న సినిమా ఇంకేముంటుంది? అందులో బీఆర్‌ల గొడవ వస్తుంది. బీఆర్ అంటే బ్యాంక్ రసీదు. ప్రభుత్వ బాండ్లు అమ్మిన బ్యాంకు, వాటిని చేతికిచ్చేలోపు రాసిచ్చే కాగితం. వెనక బాండ్లు లేకుండానే ఆ కాగితాలు తిప్పి డబ్బు లాగిన కుంభకోణం 1992లో బయటపడింది. అప్పుడు తమ బ్రాంచిలో ఆదివారాలు కూడా కూర్చోబెట్టారని నాన్న నా చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. సినిమా అయ్యాక ఆటోలో ఇల్లు చేరేదాకా క్లాసు పీకుతారని సిద్ధంగా ఉన్నాను. ఆయన "బావుంది" అన్నారు. అంతే. "బీఆర్‌ల సంగతి కరెక్టుగా చూపించారా నాన్నా?" అంటే, "ఆ, బావుంది" అని బయటికి చూస్తూ కూర్చున్నారు.

డిసెంబరులో ఆ పేజీ చదివినప్పుడు చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిప్పాను. నాన్నకి నచ్చినవన్నీ మోతగా ఉన్నవి, లేదా కంటితో అర్థమయ్యేవి. నచ్చనివన్నీ మాటల సినిమాలు. 14లో ఒక్కటి కూడా తేడా లేదు.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. లక్కీ భాస్కర్ చూసిన రోజు హాల్లో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పడ్డాయి, చెన్నైలో తెలుగు సినిమాలకు మామూలే. "మన భాషకి ఇంగ్లీషు అర్థాలేంది?" అని విసుక్కునే మనిషి, ఆ రోజు తెర అడుగునే చూస్తూ కూర్చున్నారు. నవ్వొచ్చే చోట హాలంతా నవ్వేది. నాన్న ఒక్క క్షణం ఆగి, నా మొహం వైపు చూసి, అప్పుడు నవ్వేవారు. నేనది చూశాను కూడా. నాతో కలిసి నవ్వాలని చూస్తున్నారనుకుని మురిసిపోయాను.

అమ్మని అడిగితే, "టీవీ సౌండు 40లో పెడుతున్నారని ఏడాది నుంచి మొత్తుకుంటున్నాగా, ఎవరు విన్నారు?" అంది. నిజమే. మోకాళ్ళ వల్ల అమ్మ హాలుకి రాదు, కాబట్టి తన మాట డైరీలోకి ఎక్కలేదు.

జనవరి మొదటి వారంలో వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్ట్ దగ్గరికి నాన్నని తీసుకెళ్ళాను. గాజు గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. ఆ గ్రాఫులో గీత ఎడమవైపు, అంటే కింది స్థాయి శబ్దాల దగ్గర, బాగానే ఉండి, కుడివైపు హెచ్చు స్థాయికి వచ్చేసరికి మెట్లు దిగినట్టు పడిపోయింది. ఆమె చెప్పింది నాకు సినిమా భాషలో ఇలా అర్థమైంది: వయసుతో ముందుగా పోయేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు. స, ష, త లాంటి హల్లులు అక్కడే ఉంటాయి. అచ్చులు, డప్పులు, బాంబులు కింది స్థాయిలో ఉంటాయి, అవి మిగులుతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలీదు. దానికి తోడు వెనక సంగీతం ఉంటే ఇక అంతే. "గొణుగుడు" అన్నది విసుగు కాదు, ఆయనకు వినిపించింది వినిపించినట్టే చెప్పారు.

చెవి మిషన్ అనగానే నాన్న ఒప్పుకోలేదు. ముసలాడినయ్యానని ఊరంతా చాటాలా అన్నారు. నేను వాదించలేదు, డైరీ తెచ్చి ఆ 14 పేజీలు చదవమని ఇచ్చాను. బ్యాంకు మనిషి కదా, లెడ్జర్ చూసినట్టు వేలు పెట్టి చదివారు. మెయ్యళగన్ దగ్గర ఆగి, "ఇంతకీ ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారు?" అని అడిగారు.

మిషన్ పెట్టాక చూసిన మొదటి సినిమా "సంక్రాంతికి వస్తున్నాం". తీరిగ్గా, జనం పల్చబడ్డాక వెళ్ళాం. ఈసారి నా మొహం చూడలేదు, జనంతో పాటే నవ్వారు. రెండుచోట్ల నాకంటే ముందే. ఇంటర్వెల్లో మాత్రం చెవిలోంచి తీసి జేబులో వేసుకున్నారు. ఎందుకంటే వెనక వరసలో ఎవరో పాప్‌కార్న్ నములుతుంటే తలలో రాళ్ళు కొట్టినట్టుందట. లైట్లు ఆర్పగానే మళ్ళీ పెట్టుకున్నారు.

2025 డైరీలో ఆ పేజీ నాన్నే తన చేత్తో రాశారు. కథ గురించి ఒక్క ముక్క లేదు. "హాల్లో సౌండ్ మరీ ఎక్కువ. మేనేజర్‌కి చెప్పాలి."