హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వస్తే పసరు మందు పనిచేస్తుందా?

తిరుపతిలో రక్తదానం చేశాక హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్) పాజిటివ్ అని, అంటే ఆ వైరస్ రక్తంలో ఉందని చూపే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలో తేలింది, ఊళ్లో పసరు తాగమంటున్నారు అని అడిగారు. వద్దు. పసరుకు పేరొచ్చిందే హెపటైటిస్ ఎ, ఇ కామెర్ల వల్ల. అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, ఘనత మాత్రం ఆకుకు దక్కుతుంది. పైగా కొన్ని ఆకులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

ఒక్క పాజిటివ్‌తో మందు మొదలవదు. 6 నెలలు దాటినా హెచ్‌బీఎస్‌ఏజీ పోకపోతే దీర్ఘకాలికం అంటారు. అయితే అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటోందా అని చూపే రక్తపరీక్ష), ప్లేట్‌లెట్లు, హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో వైరస్ ఎంతుందో చూపే పరీక్ష), కాలేయ స్కానింగ్ చేయించుకోండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో (జీర్ణకోశ, కాలేయ) డాక్టర్ ఉంటారు. మందు అవసరమైతే సాధారణంగా టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, రోజుకొకటి. మధ్యమధ్యలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చూస్తారు. ఇది వైరస్ పెరగకుండా ఆపుతుందే గానీ, కాలేయ కణం కేంద్రకంలో దాగిన వైరస్ డీఎన్‌ఏను తీసేయలేదు. అందుకే బాగుందనుకుని సొంతంగా మానేస్తే వైరస్ మళ్లీ విజృంభించి, ఒక్కోసారి కాలేయమే చేతులెత్తేస్తుంది.

కలిసి తింటే అంటదు. రేజర్, సూది, లైంగిక సంబంధం వల్ల అంటుతుంది. ఇంట్లోవాళ్లకు పరీక్ష చేయించి, నెగటివ్ అయి రక్షణ లేనివాళ్లకు 0, 1, 6 నెలల టీకా వేయించండి.