సముద్ర శిలీంధ్రాలు ఒకే కొమ్మ మీదికి రావడం లేదా?

డీఎన్‌ఏ పోల్చి మీరు కట్టిన వంశవృక్షం, అంటే మీ చెట్టు, పాడవలేదు. సముద్ర శిలీంధ్రాలన్నీ ఒకే కొమ్మ మీదికి రావట్లేదన్నారు, అవి రావు కూడా. ఎక్కువగా నేల మీది శిలీంధ్రాలే వేర్వేరు వంశాల నుంచి, వేర్వేరు కాలాల్లో మళ్లీ సముద్రంలోకి దిగాయి. ఉదాహరణకు, హాలోస్ఫేరియేసీ అనే సముద్ర శిలీంధ్రాల కుటుంబం మైక్రోఆస్కేల్స్ అనే క్రమంలోకి (కుటుంబాలకు పై గుంపు) వెళ్తుంది. లుల్వర్థియా అనే మరో సముద్ర శిలీంధ్రాన్ని ఒకప్పుడు దాని సరసనే పెట్టేవారు. 2000లో దానికి లుల్వర్థియేల్స్ అని వేరే క్రమమే ఏర్పాటు చేశారు.

అయితే మీ పనిలో ఇవి సరిచేయండి:

1. థ్రాస్టోకైట్రిడ్‌లనే సముద్ర సూక్ష్మజీవులను జాబితాలోంచి తీసేయండి. అవి శిలీంధ్రాలు కావు, డయాటమ్‌లనే ఏకకణ శైవలాల చుట్టాలు.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఐటీఎస్ (రైబోసోమ్ జన్యువుల మధ్య ఉండే డీఎన్‌ఏ ముక్క) ఒక్కదానితో ఇంత లోతైన చెట్టు కట్టకూడదు. అది మరీ వేగంగా మారుతుంది, దూరపు వంశాల మధ్య అక్షరానికి అక్షరం కుదరదు. 18ఎస్, 28ఎస్ అనే రైబోసోమ్ జన్యువులు వాడండి. ఐటీఎస్‌ను జాతి గుర్తింపుకు ఉంచుకోండి. చెట్టు కట్టే ముందు అలైన్‌మెంట్ (డీఎన్‌ఏ అక్షరాలు కుదిరేలా ఒకదాని కింద ఒకటి పేర్చిన వరుసలు) తెరిచి కళ్లతో చూడండి. వరుసల నిండా ఖాళీ గీతలే ఉంటే అక్కడే ఆగిపోండి.

3. స్పోర్లకు (శిలీంధ్రాల సిద్ధబీజాలకు) ఉన్న తోకలు చూసి గుంపు కట్టకండి. మునిగిన చెక్కకు అంటుకోవడానికి పనికొచ్చే రూపం కాబట్టి, సంబంధం లేని వంశాల్లోనూ అలాంటివి విడివిడిగా వచ్చాయి.