క్లాసులో ఒక్కరిదే వేరే అభిప్రాయమైతే చెప్పాలా, ఊరుకోవాలా?

చెప్పాలనే అంటాను. కాకపోతే ఆ ధైర్యమంతా ఆ ఒక్క పిల్ల దగ్గరే ఉండాలని అనుకోవడం అన్యాయం. క్లాసు తీసుకునేవాళ్లు ముందు దారి వేయాలి.

2011లో హైదరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. ఆంధ్రప్రదేశ్‌ను విడదీయాలా, కలిపే ఉంచాలా అని చూడడానికి కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక అప్పుడే బయటికొచ్చింది. క్లాసులో దాదాపు అందరూ ప్రత్యేక తెలంగాణ కావాలనేవాళ్లే. వాళ్ల కోపం ఊరికే వచ్చింది కాదు. తెలంగాణకు రక్షణలు ఉంటాయన్న 1956 పెద్దమనుషుల ఒప్పందం ఏమైందో, తెలంగాణ ఉద్యోగాల్లో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 610 జీవో ఎందుకు అమలు కాలేదో ఇంట్లో వింటూ పెరిగినవాళ్లు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని అమ్మాయి లేచి "రాష్ట్రం కలిసే ఉండాలి మేడమ్" అంది. వెనక బెంచీలోంచి వెంటనే "ఆంధ్రోళ్లు గట్లనే అంటరు" అని వినపడింది. ఆమె చెప్పినదాన్ని వదిలేసి ఆమె ఊరికి జవాబిచ్చారు. ఆమె కూర్చుండిపోయింది.

మర్నాడు కమిటీ చెప్పిన ఐదో, ఆరో మార్గాలు బోర్డు మీద రాశాను. ఐదోది హైదరాబాద్ రాజధానిగా తెలంగాణ. ఆరోది రాష్ట్రాన్ని కలిపే ఉంచి, తెలంగాణకు అధికారాలున్న ప్రాంతీయ మండలి. తమకు నచ్చని మార్గానికి ఉన్న బలమైన కారణం ఒకటి, దాని మీద ప్రశ్న ఒకటి పేరు లేకుండా రాయమన్నాను. కాగితాలు కలిపేసి నేనే చదివాను, చేతిరాత ఎవరిదో తెలియకుండా.

ఒక కాగితంలో "ప్రాంతీయ సంఘం ఇదివరకూ ఉండె కదా, 1969లో ఉద్యమం ఎందుకొచ్చింది?" అని ఉంది. చాలా మంచి ప్రశ్న. పెద్దమనుషుల ఒప్పందంతో వచ్చిన ఆ సంఘం ఉండగానే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది మరి. ఆ అమ్మాయే లేచి, చదివి రేపు చెబుతానంది. చదివొచ్చింది కూడా. ఆ సంఘం మాట ప్రభుత్వం ఎంతవరకు వినాలన్న దాని మీద గంట కొట్టేదాకా వాదించుకున్నారు. ఎవరూ అభిప్రాయం మార్చుకోలేదు. మార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

లెక్చరర్లకు ఒక్కటి చెబుతాను: "మీ వాళ్లేమంటారో చెప్పమ్మా" అని మాత్రం ఎవరినీ లేపకండి. ఆధారం అడిగితే ఎక్కువమంది ఉన్న వైపునూ అంతే గట్టిగా అడగండి.

విద్యార్థిగా ఉంటే, నీ ప్రాంతం తరఫున జవాబు చెప్పాల్సిన పని నీకు లేదు. బయట బంద్‌లు, గొడవలు ఉన్న రోజున మాట్లాడకపోయినా తప్పులేదు. చెప్పదలిస్తే ప్రశ్నగా మొదలుపెట్టు, చదివిన కాగితం చేతిలో ఉంచుకో.