షాక్‌వేవ్ బెలూన్ ఖర్చుకు బీమా కంపెనీ కొర్రీ

ప్రశ్న: లాయర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నగారికి 64 ఏళ్లు, డయాలసిస్ మీద ఉన్నారు. గుండెనొప్పి వస్తే విశాఖ తీసుకెళ్లాం. రక్తనాళంలో కాల్షియం గట్టిపడిందని షాక్‌వేవ్ బెలూన్ వాడి స్టెంట్ వేశారు. నా కంపెనీ గ్రూప్ పాలసీలో ఆయన పేరుంది. స్టెంట్‌కి డబ్బు ఇచ్చారు గానీ, బెలూన్ తాలూకు 3 లక్షల 10 వేలు ‘నిరూపణ కాని చికిత్స’ అని కోసేశారు. బెలూన్ సంగతి ఆస్పత్రివాళ్లు మాకు ముందు చెప్పలేదు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: ముందు బీమా కంపెనీ సంగతి చూడండి. ఆస్పత్రి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

షాక్ అనగానే కరెంటు షాక్ అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ఇది అది కాదు. కిడ్నీలో రాళ్లను బయటినుంచి తరంగాలతో పగలగొడతారు కదా, షాక్‌వేవ్ బెలూన్‌దీ అదే సూత్రం. ఇక్కడ బెలూన్ నాళం లోపలికి వెళ్లి, గోడలకు పట్టిన సున్నాన్ని చిట్లిస్తుంది. అప్పుడే స్టెంట్ పూర్తిగా విచ్చుకుంటుంది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో ఈ కాల్షియం ఎక్కువ. మీ ఉద్దానం ప్రాంతంవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక ‘నిరూపణ కాని’ అన్న మాట. పాలసీలో దాని అర్థం, పనిచేస్తుందనడానికి చెప్పుకోదగ్గ వైద్య ఆధారాలు లేని చికిత్స అని. ఖరీదైనదనో, కొత్తదనో కాదు. గుండె నాళాలకు ఈ పద్ధతిని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలోనే ఆమోదించింది. పైగా ‘ఈ ఖర్చు ఇవ్వక్కర్లేదు’ అన్న పాలసీ మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కంపెనీయే, మీరు కాదు. ‘ఆధునిక చికిత్సలకు పరిమితి ఉంది’ అని ఇంకో మెలిక పెట్టినా కంగారు పడొద్దు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన 12 ఆధునిక చికిత్సల జాబితాలో ఇది లేదు. అయినా మీ పాలసీ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. గ్రూప్ పాలసీల్లో ఏం రాసుకుంటారో ఒక్కోసారి మాకే అంతు పట్టదు.

మీ చేతిలో ఉండాల్సిన అసలు ఆయుధం డాక్టరు గారి లేఖ. మామూలు బెలూన్ ఎందుకు సరిపోలేదో, ఇది వాడకపోతే ఏమయ్యేదో అందులో ఉండాలి. అందుకే ఆస్పత్రి మీద ఇప్పుడు కేసు వద్దన్నాను. అనుమతి లేకుండా అదనపు చికిత్స చేయకూడదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పిన మాట నిజమే. కానీ ప్రాణాపాయం ఉంటే అందులోనే మినహాయింపు ఉంది. మీరు సంతకం పెట్టిన ఫారంలో ‘అవసరమైతే ఇతర పరికరాలు’ అని ఉందేమో కూడా చూడాలి. లేఖ రాయాల్సిన మనిషికే నోటీసు పంపితే ఆ లేఖ మీకు వస్తుందా?

లేఖ జతచేసి ముందు కంపెనీకి ఫిర్యాదు పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఏడాదిలోపు రాయొచ్చు. ఫీజు లేదు, లాయరుతో పని లేదు (మాకు నష్టమే, అయినా చెబుతున్నాను). లేదంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. దానికి గడువు రెండేళ్లు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. మీకు రావాల్సిన డబ్బును బట్టి చూస్తే నేనైతే అంబుడ్స్‌మన్ దగ్గరే మొదలుపెడతాను.

కేస్ షీటు కాపీ కోసం ఆస్పత్రికి ఇవాళే అర్జీ ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. మీ అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి.